ఉప్పునీళ్ళలో పాచికలు

మా ఆయన వల్ల ఇంట్లో ఉప్పు నిలవదు.

ఆయన ఏడో తరగతికి లెక్కలు చెబుతారు. కొత్త పాచికలు కొన్నప్పుడల్లా గాజుగ్లాసులో నీళ్ళు పోసి, అవి తేలేదాకా నా ఉప్పుడబ్బా వంచుతారు. తేలినదాన్ని వేలితో పదేపదే తిప్పుతారు. ప్రతిసారీ అదే ముఖం పైకొస్తే దానిలో ఒకవైపు బరువున్నట్టు లెక్క, చెత్తబుట్టలోకి పోతుంది. నన్ను చేసుకునేముందు కూడా ఆయన ఇంత ఆరా తీయలేదు.

ఉప్పయితే మళ్ళీ కొనుక్కోవచ్చు. తప్పు తనదని మాత్రం ఆయన నోటివెంట నేనెప్పుడూ వినలేదు. బోర్డు మీద లెక్క తప్పితే సుద్దముక్క మంచిది కాదు. దారి తప్పితే రోడ్డు వేసినవాడికి బుద్ధి లేదు. కూర మాడితే తప్పు గరిటె తిప్పిన తనది కాదు, పొయ్యి వెలిగించిన నాది.

పెళ్ళైన కొత్తలో సాయంత్రం గిన్నెలెవరు తోమాలని పేచీ వచ్చింది. ఆయనే ఒక ఆట కనిపెట్టారు. రెండు పాచికలు వెయ్యాలి. పెద్ద అంకెలోంచి చిన్నది తీసెయ్యాలి. సున్నా, ఒకటి, రెండు మిగిలితే గిన్నెలు నావి. మూడు, నాలుగు, ఐదు మిగిలితే ఆయనవి.

"నీకు మూడు, నాకు మూడు. ఇంతకన్నా న్యాయం ఎక్కడ దొరుకుతుంది?" అన్నారు.

నేను చదివింది చరిత్ర. న్యాయంగానే కనిపించింది. పద్నాలుగేళ్ళుగా అదే ఆట. గిన్నెలు నాకే ఎక్కువసార్లు తగులుతుంటే ఎడమచేత్తో వేశాను, కళ్ళు మూసుకుని వేశాను, ఆయన్నే వెయ్యమన్నాను. ఏం చేసినా సింకు దగ్గర తేలేది నేనే. "నీ చేతికి అదృష్టం లేదమ్మా" అని మా అత్తగారు జాలిపడేవారు. ఆవిడ జాలిపడుతున్నప్పుడు కూడా నేను గిన్నెలే తోముతుండేదాన్ని.

మొన్న శనివారం బడికి రంగులు వేస్తున్నారని ఆయన ఇద్దరు ఆడపిల్లల్ని మా భోజనాల బల్ల దగ్గరికి తీసుకొచ్చారు. ఒకతి ఆగకుండా మాట్లాడుతుంది, నేను గలగల అని పేరు పెట్టుకున్నాను. ఇంకొకతి కళ్ళజోడు పిల్ల, కుర్చీ జరిపినా చప్పుడు కాదు. బళ్ళ మధ్య జరిగే లెక్కల పోటీకి తరగతి నుంచి ఒక్కరినే పంపాలి. ఇద్దరికీ సమానంగా మార్కులు వచ్చాయి. ఆ పోటీ ఏడో తరగతి వాళ్ళకే. పై ఏడాది వెళ్దామంటే కుదరదు. అందుకని శుక్రవారం తరగతిలో ఈయన మా గిన్నెల ఆట పెట్టారు. సున్నా, ఒకటి, రెండు గలగలవి. మూడు, నాలుగు, ఐదు కళ్ళజోడువి. పదిసార్లు వేస్తే గలగల ఏడుసార్లు గెలిచింది. దాని పేరుతో నింపిన ఫారం బల్ల మీదే ఉంది. ఓడిన పిల్ల గెలిచిన పిల్లకు సాధనలో తోడు కూర్చోవాలట! ఏడాదిగా పాత ప్రశ్నపత్రాలన్నీ చేసిపెట్టుకున్న ఆ పిల్ల, ఆ కట్టంతా సంచిలోంచి తీసి గలగల ముందు పెట్టింది.

"రెండు పాచికలు వేసి కూడితే ఏడు ఎక్కువసార్లు వస్తుంది. ఎందుకు?" అడిగారు ఈయన.

"ఏడంటే పాచికలకి ఇష్టం సార్," అంది గలగల.

ఆయన నిట్టూర్చి, రెండు పాచికల మీద పడగల జతకొకటి చొప్పున ముప్ఫయ్యారు గడులు గీశారు. ఏడు ఆరు గడుల్లో వచ్చింది. రెండు ఒక్క గడిలోనే. "చూశారా? రెండు నుంచి పన్నెండు దాకా పదకొండు జవాబులున్నాయి కదా అని పదకొండూ సమానం అనుకోకూడదు. గడులు లెక్కపెట్టాలి!"

నేను నిమ్మకాయనీళ్ళ పళ్ళెంతో వచ్చేసరికి కళ్ళజోడు పిల్ల తన పుస్తకంలో ఇంకో ముప్ఫయ్యారు గడులు గీసుకుంది.

"సార్, డౌటు. కూడకుండా తీసేస్తే?"

"తీసేస్తే..." ఆయన పెన్సిలు గాల్లోనే ఆగిపోయింది.

ఆ పిల్ల పుస్తకం ఆయనవైపు తిప్పింది. "సున్నా ఆరు గడులు సార్. ఒకటి పది. రెండు ఎనిమిది. మొత్తం ఇరవై నాలుగు. మూడు, నాలుగు, ఐదు అన్నీ కలిపినా పన్నెండే. నిన్న నావి ఆ పన్నెండు."

పళ్ళెం ఎక్కడ పెట్టానో గుర్తులేదు, ఫారం మీద మాత్రం నిమ్మనీళ్ళు పడ్డాయి. ఇరవై నాలుగు, పన్నెండు. మూడు రోజుల్లో రెండు రోజులు! పద్నాలుగేళ్ళు! నా చేతిలో అదృష్టానికి ఏ లోటూ లేదు.

"పాచికలు మంచివే," అన్నారు ఈయన. గొంతు పీలగా ఉంది. "ఉప్పునీళ్ళలో వేసి చూశాను."

"పాచికలు మంచివే సార్," అంది ఆ పిల్ల.

ఆయన గడులు లెక్కపెట్టారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టారు. మూడోసారికి మొహం పాలిపోయింది.

"అంటే నేను గెలవలేదా?" గలగల లేచి నిలబడింది. "ఇంట్లో అందరికీ చెప్పేశాను! మా పిన్ని కొత్త బ్యాగు కూడా కొనేసింది!"

"కూర్చో తల్లీ. ఫారం కూడా నింపేశాం కదా, ఇప్పుడింక..."

"పర్లేదు సార్," అంది కళ్ళజోడు పిల్ల, పుస్తకం మూసేస్తూ. "ఊరికే అడిగాను." మూసిన పుస్తకం మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.

"ఏవండీ," అన్నాను. "ఈ గడుల పాఠం ఎన్నేళ్ళుగా చెబుతున్నారు?"

"పదహారేళ్ళు."

"మన గిన్నెల ఆట పద్నాలుగేళ్ళది."

ముగ్గురమూ ఆయన్నే చూస్తున్నాం. "ఒట్టు, నిజంగా తట్టలేదు," అన్నారు ఆయన. "నువ్వు ఓడినప్పుడల్లా పాచికల మీదే అనుమానం వచ్చేది. కొత్తవి కొనేవాణ్ణి."

నా ఉప్పంతా ఎటు పోయిందో అప్పుడు అర్థమైంది.

ఆయన తడిసిన ఫారాన్ని చేతిలోకి తీసుకుని, ఒక్క క్షణం ఆగి, నిలువునా చింపేశారు. గలగల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముక్కు ఎగబీల్చి, పాచికలు తీసి కళ్ళజోడు ముందుకు తోసింది. "ఈసారి ఆట నువ్వే పెట్టు. కానీ ముందు గడులు గియ్యి. నేనూ లెక్కపెడతా."

"కూడదాం. సరిసంఖ్య నీది, బేసి నాది," అంటూ ఆ పిల్ల అప్పటికే గీతలు గీస్తోంది. ఇద్దరి తలలూ ఆ పుస్తకం మీదికి వంగాయి. "పద్దెనిమిది, పద్దెనిమిది," అంది గలగల, రెండుసార్లు లెక్కపెట్టాక.

ఈయన హెడ్‌మిస్ట్రెస్‌కి ఫోన్ చేశారు. "మేడమ్, ఆ పోటీకి ఇంకో ఫారం కావాలి." అవతల ఆవిడ గొంతు బల్ల దాకా వినపడింది: మొన్ననే ఇచ్చాను కదా, దానికేమైంది?

"అది... పెన్ను సరిగ్గా..."

గలగల తలెత్తింది. కళ్ళజోడు తలెత్తింది. నేను సింకులోంచి ఒక గిన్నె తీసి, చప్పుడు కాకుండా బల్ల మీద ఆయన ముందు పెట్టాను.

ఆయన ఆ గిన్నెను చూశారు. కళ్ళజోడు పిల్లను చూశారు.

"కాదు మేడమ్, పెన్ను బాగానే ఉంది," అన్నారు. "తప్పు నేను చేశాను."