ఎడమ వెనక మూల

ఆమె భూములు కొలిచే సర్వేయరు. పని ఉన్నచోట రోడ్డుండదు, రోడ్డున్నచోట పనుండదు. పదకొండేళ్లు వాడిన జీపు ఒకరోజు కొండవాలులో మొరాయించి, పరికరాలు భుజానేసుకుని మధ్యాహ్నమంతా నడిచొచ్చాక, ఇక బండి మార్చక తప్పదనుకుంది. చేతిలో ఉన్న డబ్బుకి రెండే దారులు కనిపించాయి. ఒకటి షోరూంలోంచి చిన్న కొత్త కారు. రెండోది ఎవరో ఎనిమిదేళ్లు వాడి వదిలిన ఖరీదైన పెద్ద ఎస్‌యూవీ.

భర్త రెండోదానివైపే మొగ్గాడు. ఫోనులో దాని ఫొటోలు చూసుకుని మురిసిపోయేవాడు. ఆమె బాబాయి మాత్రం పెదవి విరిచాడు. ఆయనది గుద్దుకున్న బండ్ల ఛాసిస్ సరిచేసే షెడ్డు. మనుషులు చెప్పేది సగం వింటాడు, ఇనుము చెప్పేది పూర్తిగా వింటాడు.

"అమ్మాయ్, ఇలాంటి బండి పాతబడితే దాని ధర పడిపోతుంది గానీ దాని సామాన్ల ధర పడిపోదు. ఎయిర్ సస్పెన్షన్ పోయిందనుకో, గేర్‌బాక్సులో ఎలక్ట్రానిక్స్ పిచ్చెక్కాయనుకో, నీ సంపాదనంతా దాని నోట్లో పొయ్యాలి. సరే, చూద్దాం. రికార్డు లేని బండి వంక మాత్రం చూడొద్దు."

వాళ్లు చూసిన నాలుగో బండి ఒక పళ్ల డాక్టరుది. దానికి మొదటి రోజునుంచీ రికార్డుంది. లావుపాటి ఫైలులో ప్రతి సర్వీసు కాగితమూ వరసగా ఉంది. బాబాయి చల్లారిన ఇంజన్ని స్టార్ట్ చేయించి చెవి ఒగ్గి విన్నాడు. ఆయిల్ మూత తిప్పి వేలితో తుడిచి చూశాడు. నేలమీద గోనె పరుచుకుని కిందికి దూరి, అరగంట తర్వాత మోచేతులు దులుపుకుంటూ లేచాడు.

"ఏమీ దొరకలేదు," అన్నాడు, అదేదో తనకి జరిగిన అవమానంలా.

ఫైలులో కూడా ఇంజన్ జోలికి ఎవరూ పోయినట్టు లేదు. ఒక్క లోపమే పదేపదే కనిపించింది. ఎడమ వెనక చక్రం మీద బండిని మోసే గాలి తిత్తి మూడుసార్లు మార్చారు. ఖాళీగా నిలబెట్టిన బండి ఆ మూలన ఉన్నట్టుండి కుంగుతుందనీ, గాలి నింపే కంప్రెసర్ దానంతటదే తిరిగి మళ్లీ లేపుతుందనీ ఫిర్యాదు.

"లీకై ఉంటుంది," అన్నాడు బాబాయి. "షెడ్డుకి తీసుకెళ్లి చూస్తానండీ, సాయంత్రానికి తెచ్చేస్తాం."

డాక్టరు తలూపాడు. అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య మెట్లు దిగొచ్చి, బండి ఎడమ వెనక తలుపు తీసింది. లోపలికి ఏమీ పెట్టలేదు, లోపల్నుంచి ఏమీ తియ్యలేదు. ఎవరో ఎక్కి సర్దుకునేదాకా ఆగినట్టు కాసేపు ఆగి, తలుపుని చప్పుడు కాకుండా వేసింది. కంప్రెసర్ గుర్రుమని రెండు క్షణాలు తిరిగి ఆగింది.

షెడ్డులో సబ్బునీళ్లు కొట్టి చూస్తే ఒక్క బుడగ రాలేదు. బాబాయి నాలుగు చక్రాల కిందా నాలుగు తూకం పళ్లేలు పెట్టాడు. బండి ఉండాల్సినదానికన్నా నలభై ఒక్క కిలోలు ఎక్కువ తూగింది. ఆ ఎక్కువంతా దాదాపు ఎడమ వెనక మూలనే ఉంది. స్పేరు టైరు తీశారు, సీట్ల కింద వెతికారు, అడుగున పరిచిన తివాచీ కూడా లేపారు. నలభై ఒకటి అలాగే ఉంది. పళ్లేలు అటూ ఇటూ మార్చి తూచినా అంతే.

అప్పుడు సర్వేయరు ఫైలు మళ్లీ తిరగేసింది. తిత్తి మార్చిన ప్రతి కాగితం అంచునా ఎవరో మెకానిక్ పెన్సిల్‌తో చిన్నగా ఒక అంకె వేసుకున్నాడు. మొదట పంతొమ్మిది. రెండున్నరేళ్లకి ఇరవై ఆరు. ఆ తర్వాత ముప్పై మూడు. ఆమె ఆ అంకెల్ని తేదీలతో కలిపి తన నోటుపుస్తకంలో గీత గీసింది. గీత తిన్నగా వచ్చి ఇవాళ్టి నలభై ఒకటిని తాకింది.

బాబాయి ఆ గీతను చూసి కళ్లజోడు తీశాడు. ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు. "ఇవి బడిలో ఎదిగే పిల్లల్ని ఏటా తూచి రాసే బరువులే," అన్నాడు మెల్లగా. తర్వాత వెళ్లి చేతులు కడుక్కున్నాడు.

సాయంత్రం బండి తిరిగిచ్చేటప్పుడు ఆమె డాక్టరుని సూటిగా అడిగింది. ఆయన దాచలేదు.

"మేమూ మొదట లీకే అనుకున్నామండీ. మాకు పిల్లల్లేరు. మాకు అమ్మినాయనకీ లేరు, ఆయన్నీ అడిగాను. ఎవరో ఏమిటో మాకూ తెలీదు. దానివల్ల ఏ కీడూ జరగలేదు. బండి ఒక్కరోజు ఆగలేదు."

"మరెందుకు అమ్ముతున్నారు?"

ఆయన ఇంటివైపు ఒకసారి చూశాడు. "మా ఆవిడ బాగా అలవాటు పడిపోయింది."

ఆ రాత్రి ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. బాబాయి వద్దంటే వద్దన్నాడు. భర్త నవ్వులాటగా తీసుకున్నాడు.

"సీటొకటి నిండిందనుకుంటే సరి, మామయ్యగారూ. భోజనం ఖర్చు కూడా లేదు."

"నవ్వు నాయనా, నవ్వు. నువ్వు వెనక కూర్చుంటావా?"

భర్త నవ్వుతూనే మాట మార్చాడు.

సర్వేయరు మాత్రం తన పద్ధతిలో ఆలోచించింది. మిగతా మూడు బండ్లలో ఏ రోగం ఎక్కడ దాగుందో ఎవరూ చెప్పలేరు. ఇందులో ఉన్నది నలభై ఒక్క కిలోలు, ఎక్కడుందో తెలుసు, ఎంతుందో తెలుసు. మనిషి అలికిడి లేని చోట్లకి ఒంటరిగా వెళ్లేది తను. అక్కడ కావలసింది ఆగని బండి. మర్నాడు పొద్దున్నే డాక్టరుకి ఫోన్ చేసి తీసుకుంటానంది.

మూడేళ్లలో ఆ బండి ఒక్కసారి కూడా ఆగలేదు. బురదలో దిగబడిన చోట దానంతటదే బయటపడింది. బ్యాటరీ చచ్చిపోవాల్సిన చలిలో మొదటి నొక్కుకే లేచింది. ఇంత పాతబడిన బండి ఇలా ఆగకుండా నడవడం సహజం కాదని బాబాయి గొణిగేవాడు. ఏడాదికోసారి పళ్లేలమీద తూచి, అంకె ఆమెకి చెప్పకుండా కాగితమ్మీద రాసి చేతికిచ్చేవాడు. నలభై నాలుగు. నలభై ఏడు. యాభై ఒకటి.

భర్త వెనక సీటులో ఎడమవైపు సంచి కూడా పెట్టేవాడు కాదు. ఆమె మొదట్లో పట్టించుకోలేదు. ఎప్పటినుంచి మొదలైందో తెలీదు గానీ, సైటుకి చేరాక పరికరాలు దింపి, వెనక తలుపు తీసి ఒక్క నిమిషం నిలబడేది. బండి ఆ మూలన వేలెడంత లేచి, ఉస్సుమని గాలి వదిలేది. పని అయ్యాక మళ్లీ తలుపు తీసేది. అది కుంగేది. అప్పుడుగానీ ఇంటికి బయల్దేరేది కాదు. ఒకసారి గంటసేపు కుంగలేదు. చీకటి పడుతోంది. ఆమెకి కోపం వచ్చింది, భయం కాదు. ఎవరిమీదనో తెలీకుండానే, "ఎంతసేపు?" అని ఖాళీ పొలంలోకి కేకేసింది. ఆ మాట తన నోటినుంచి ఒక తల్లి కేకలా వచ్చింది.

మూడో ఏడు ఒక మధ్యాహ్నం, నడుస్తున్న బండిలో బరువు ముందుకి మారింది. పక్కసీటు బెల్టు హెచ్చరిక టింగ్ టింగ్‌మని మోగడం మొదలెట్టింది. సీటు ఖాళీగా ఉంది. తోలు మీద మాత్రం కూర్చున్నట్టు పల్లం పడింది. ఆమె చెయ్యి చాపి బెల్టు లాగి పెట్టింది. మోత ఆగింది. మిగతా దారంతా ఆమె ఎడమవైపు చూడలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకి ఒక పొద్దున ఆమె ఎక్కబోతే మోకాళ్లు స్టీరింగుకి తగిలాయి. డ్రైవరు సీటు బాగా ముందుకి జరిగి ఉంది. అద్దాలు కిందికి వంగి ఉన్నాయి, ఆమెకన్నా పొట్టివాళ్ల కంటికి సరిపోయేలా. తాళంచెవి ఇంట్లో కొక్కేనికే ఉండింది. భర్త ముట్టుకోలేదన్నాడు. అతని మొహం చూస్తే నిజమేనని తెలుస్తోంది.

ఆమె డాక్టరు ఇంటికి ఫోన్ చేసింది. భార్య ఎత్తింది. ఎవరని కూడా అడగలేదు.

"ఇప్పుడెంతుంది?"

"యాభై మూడు."

"ముందుకి వచ్చేసిందా?"

"స్టీరింగు దగ్గరికి వచ్చింది."

"ఆ వెళ్లిపోయే రోజు చూడలేకే అమ్మించానమ్మా," అంది ఆవిడ. "నువ్వు గట్టిదానివి. పక్కన కూర్చో, చాలు."

సర్వేయరు తాళంచెవి తీసుకెళ్లి డ్రైవరు ముందు అరలో పెట్టి, పక్కసీటులో కూర్చుని బెల్టు పెట్టుకుంది. భర్త కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి బండి ఆమెకి అవతలివైపు ముందు మూలన కుంగింది. కంప్రెసర్ తిరిగింది. ఎండ అద్దంలోంచి ఒళ్లో పడుతోంది. ఆమె మాట్లాడటం మొదలెట్టింది. రోడ్లగురించి చెప్పింది. ఏ వంతెన దగ్గర అంచు విరిగిందో, వానొస్తే ఏ మలుపు జారుతుందో, ఇన్నేళ్లలో తనకి తెలిసిందంతా చెప్పింది. ఇంజన్ స్టార్ట్ కాలేదు. తలుపు తెరుచుకోలేదు. చెప్పడం అయిపోయాక చాలాసేపటికి, ఆ మూల మెల్లగా లేచి ఉస్సుమంది.

ఆమె బండిని తిన్నగా షెడ్డుకి తోలుకెళ్లింది. బాబాయి మూడుసార్లు తూచాడు. ఎక్కువ ఏమీ లేదు. నాలుగు మూలలూ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి.

ఆ వారమే గేర్‌బాక్సు మొరాయించింది. తర్వాత నీళ్ల పంపు. తర్వాత డాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒకేసారి వెలిగి బండి నడిరోడ్డులో ఆగిపోయింది. లాక్కెళ్లే లారీ కోసం రోడ్డుపక్క కూర్చున్నప్పుడు ఆమె డాక్టరు భార్యకి మళ్లీ ఫోన్ చేసి, దిగి వెళ్లిపోయిందని చెప్పింది.

"ఎటు వెళ్లింది?"

"కనిపించలేదండీ."

"అడగలేదా?"

"లేదు," అంది సర్వేయరు. ఆ ఒక్క మాట అడగనందుకు, లారీ వచ్చేదాకా ఆమె ఏడుస్తూనే ఉంది.