తలుపు సందులో ఎరుపు

త్రినాథ్ కన్ను పడిందంటే ఏ బండి గుట్టయినా బయటపడాల్సిందేనని గుంటూరు షెడ్లలో ఒక మాట ఉంది. ఆ మాట ఎవరు పుట్టించారో తెలియదు గానీ, పెంచి పెద్ద చేసింది మాత్రం త్రినాథే. ముప్పై అయిదేళ్ళుగా కార్లకు రంగులు వేయించిన మనిషి. ఏ తలుపు మార్చారో, ఎక్కడ సొట్టకు లప్పం పెట్టి పూడ్చారో పది అడుగుల దూరం నుంచే చెప్తానంటాడు. అందుకని పాత కార్ల క్లబ్బు వాళ్ళు పోటీ పెట్టినప్పుడల్లా జడ్జిగా ఆయన్నే పిలుస్తారు.

పోటీలో రెండు బహుమతులు. బాగా బాగుచేయించిన బండికి ఒకటి, పుట్టినప్పటి రంగుతో ఉన్న బండికి ఒకటి. రెండోదానికే గౌరవం ఎక్కువ. దానికి ఒక పద్ధతి కూడా ఉంది. జడ్జి మార్కు తగ్గించేముందు ఆ లోపం ఏమిటో, ఎక్కడుందో సొంతదారుకు చూపించాలి. ఆ నియమం రాసిందీ త్రినాథే.

ఆ ఫిబ్రవరి ఆదివారం, సత్తెనపల్లి దగ్గరి పల్లె నుంచి మస్తాన్‌బీ అనే ఆమె మీగడ రంగు అంబాసిడర్ తెచ్చింది. చనిపోయిన భర్త ఆదాం ఒక ఆసామి దగ్గర డ్రైవరుగా చేసి, ముసలిదైపోయిన ఆ కారునే ఆయన దగ్గర కొనుక్కున్నాడట. రంగు వెలిసిపోయింది, బానెట్ మీద గీతలున్నాయి. అయినా బండి మీద ఇంతవరకు రంగు బ్రష్షు పడలేదని, ఆ సంగతి ఆదాం తన తల మీద చెయ్యి పెట్టి చెప్పాడని ఆమె వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. అల్లుడు అక్బర్ పక్కన నిలబడి అద్దాలు తుడుస్తున్నాడు.

త్రినాథ్ ఆ బండి దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. ఆకలి దంచేస్తోంది. ఎడమవైపు వెనక తలుపు తెరిచి, మడతబందు పక్క సందులో గోరు పెట్టి గీకాడు. రంగు పెచ్చు లేచిన చోట గోటికి ఎర్రగా ఏదో అంటింది. షెడ్లలో రంగు వేసేముందు కింద కొట్టే రెడాక్సైడే అనుకున్నాడు. ఫ్యాక్టరీ రంగయితే అడుగున బూడిద రంగుండాలి. అంటే ఈ బండికి ఎవరో మళ్ళీ రంగు వేశారు. జేబులో లప్పం గుట్టు పట్టిచ్చే అయస్కాంతం ఉంది, తియ్యలేదు. పక్కనే మస్తాన్‌బీ ఉంది, చూపించలేదు. కాగితం మీద సున్నా వేసి, వెళ్ళి చెంచాతో భోజనం కానిచ్చాడు.

సాయంత్రం మైకులో పర్చూరు పొగాకు వ్యాపారి బండికి బహుమతి ప్రకటించాక, మీగడ రంగు బండి సంగతేంటని ఎవరో అడిగారు. త్రినాథ్ నవ్వాడు.

"మనిషి మాట మారుస్తాడు గానీ రంగు మారుస్తుందా? ఆ బండికి షెడ్డులో రంగేశారు. ఆ పెద్దమనిషి ఇంట్లో ఏం చెప్పుకున్నాడో మనకెందుకులెండి."

జనం గొల్లుమన్నారు. మస్తాన్‌బీ కొంగు తల మీదికి లాక్కుని వెళ్ళి కార్లో కూర్చుంది.

ఇంటికొచ్చి కుర్చీలో వాలిన త్రినాథ్ అలవాటుగా కన్ను నలుపుకున్నాడు. అంతే, ప్రాణం పోయినంత పనయింది. కన్ను భగభగ మండిపోయి నీళ్ళు కారాయి. భార్య వెంకటేశ్వరమ్మ మిరప పండించే ఇంట్లో పుట్టిన మనిషి. ఆయన చెయ్యి పట్టుకుని గోటి కింది ఎరుపు వాసన చూసింది, రెండు తుమ్ములు తుమ్మింది.

"కారమండీ ఇది. పాతదే గానీ ఘాటు చావలా. ఎక్కడ పెట్టారు వేలు?"

త్రినాథ్‌కు ఆ తలుపు సందు గుర్తొచ్చింది. రెడాక్సైడ్ కంట్లో అలా మండదు. ఆదాం వెనక సీటు పీకేసి ఎన్నేళ్ళు మిరప బస్తాలు యార్డుకు తోలాడో ఏమో, ఆ దుమ్ము సందుల్లో చేరింది. పొద్దున బండి కడిగితే తడిసి, ఎండకు గట్టిపడి రంగులా అంటుకుపోయింది. మిర్చి యార్డున్న ఊళ్ళో పుట్టి, కారానికీ రంగుకూ తేడా తెలియని జడ్జి అయ్యాడు తను. ఒక్కసారి ఆ సందు ఆమెకు చూపించి ఉంటే వాసన పట్టి చెప్పేసేది.

ఆమె ఫోన్ నంబరు దరఖాస్తులో ఉంది. సోమవారం చేద్దామనుకున్నాడు. సోమవారం క్లబ్బు వాళ్ళు బహుమతి ఫొటోలు వాట్సాప్‌లో పెట్టి, త్రినాథ్ గారి కన్నుకు జోహార్లన్నారు. మంగళవారం అనుకున్నాడు. వచ్చే నెల విజయవాడలో పోటీ ఉంది, అక్కడా ఆయనే జడ్జి. తప్పు ఒప్పుకుంటే ఇంకెవరు పిలుస్తారు? ఇలా రోజులు దొర్లించాడు. తప్పు చేసింది ఒక్క నిమిషం, దాచింది తొమ్మిది రోజులు. ఆ రెండోదే తనను ఎక్కువ కాలుస్తోందని ఆయనకు తెలుసు. అన్నంలో పచ్చడి కలుపుకోవాలన్నా చెయ్యి ఆగిపోయేది.

"ఫోన్లో అయ్యే పని కాదు, వెళ్ళి రండి," అంది వెంకటేశ్వరమ్మ మిరపకాయల తొడిమలు తుంచుతూ.

తొమ్మిదో రోజు, మంగళవారం, వెళ్ళాడు. రేకుల పంచ కింద కారును చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. బానెట్, డిక్కీ, పైకప్పు అన్నీ గీకేసి ఉన్నాయి. ఇనుము తెల్లగా బయటపడింది. అక్బర్ చేతిలో ఉప్పుకాగితం ఉంది.

"మీరే చెప్పారుగా సార్, షెడ్డు రంగేనని. ఇంకా దాచుకోవడం ఎందుకు, గీకెయ్యమంది అత్తమ్మ. ఒక్క తలుపు మిగిలింది." ఆగి మళ్ళీ అన్నాడు. "షెడ్లలో కొట్టే ఎరుపు కింద ఎక్కడా రాలేదు సార్, బూడిద రంగే వచ్చింది. మీకు ఫోన్ చేసి అడుగుదామనుకున్నా."

మిగిలింది ఆ ఎడమవైపు వెనక తలుపే. అలికిడికి మస్తాన్‌బీ బయటికి వచ్చింది. త్రినాథ్ నమస్కారం కూడా పెట్టకుండా తలుపు తెరిచి, ఆ రోజు చూపించాల్సిన సందు ఇవాళ చూపించాడు. ఆమె గోటితో గీకి, నాలిక్కి తగిలించుకుంది.

"కారం," అంది.

"రంగనుకున్నానమ్మా. మీకు చూపించకుండా మార్కు వేశాను. ఆ రాత్రికే తెలిసింది. తెలిసీ చెప్పలేదు."

ఆమె ఆ తలుపు పట్టుకుని చెప్పింది.

"ఒకసారి మా ఆయన కనిగిరి కిరాయికెళ్ళి పది రోజులు రాలా. బండి చెడిపోయిందన్నాడు. ఊళ్ళోవాళ్ళేమో ఎవర్నో గుద్ది, రంగేయించుకొని వచ్చాడన్నారు. రంగు ముట్టుకోలేదని నా తల మీద చెయ్యేసి చెప్పాడు. ఇరవై రెండేళ్ళు నమ్మాను సార్. మీ మాట విని మానేశా. ప్రతి శుక్రవారం ఆయన పేరున ఫాతిహా చదివిస్తా. మొన్న శుక్రవారం చదివించలా."

త్రినాథ్ తన షెడ్డులో ఊరికే రంగు వేయిస్తానన్నాడు. రంగు ఎవరైనా వేస్తారంది ఆమె.

"మైకులో అన్న మాట మైకులోనే వెనక్కి తీసుకోండి."

తీసుకుంటానన్నాడు. అక్కడే నిలబడి క్లబ్బు అధ్యక్షుడికి ఫోన్ చేసి, వాళ్ళిద్దరూ వింటుండగానే జరిగిందంతా చెప్పాడు. విజయవాడకు వేరే జడ్జిని చూసుకుని, తనకు అక్కడ మైకు ఒక్క నిమిషం ఇమ్మన్నాడు. అప్పటికి అక్బర్ ఉప్పుకాగితం కింద పెట్టేశాడు.

మస్తాన్‌బీ అల్లుణ్ణి పంపి మసీదు నుంచి ఫాతిహా చదివే హజ్రత్‌ను పిలిపించింది. మంగళవారం ఏమిటని ఆయన అడిగితే, బాకీ పడ్డానంది. లోపల ఊదుబత్తి వెలిగింది. చదవడం అయిందాకా త్రినాథ్ పంచలో, ఆ ఒక్క తలుపు పక్కనే నిలబడ్డాడు. తర్వాత ఆమె పళ్ళెంలో చక్కెర తెచ్చింది. ఆయన కుడి చెయ్యి చాపాడు. సందులో పెట్టిన వేలు దానికే ఉంది.

"తినండి సార్, ఆయన పేరుది," అంది ఆమె.

త్రినాథ్ తలొంచుకుని తిన్నాడు.