గొడెలీవ పక్కన మైను

మా ఓడని మా తమ్ముడు ప్లాస్టిక్ బకెట్టు అంటాడు. వాడే కాదు, నియూపోర్ట్ రేవులో వల పట్టిన ప్రతివాడూ అంటాడు. అబద్ధమేం కాదు. సముద్రంలో మైన్లు, అంటే యుద్ధాల్లో ఓడల కోసం నీళ్ళ అడుగున పెట్టిన బాంబులు, వెతికే ఓడకి ఇనుప ఒళ్ళు పనికిరాదు. పైన ఇనుము కదిలితే కింద పడుకున్న మైను లేస్తుంది. అందుకని మాది ఒళ్ళంతా ప్లాస్టిక్. పైగా పువ్వు పేరు, అనిమోన్. ఫ్రాన్సూ హాలెండూ మా బెల్జియమూ కలిసి కట్టుకున్న రకం ఇది. మైన్లు వెతికే సామాను ఒకరిది, ఇంజను ఇంకొకరిది, కరెంటు పని మాది. ఏదైనా చెడిందంటే మూడు దేశాలూ ఒకదాన్నొకటి వేలెత్తి చూపించుకుంటాయి. దాన్ని చూసి నవ్వే హక్కు లోపలున్న మాకుంది. వాన్నెస్‌కి లేదు.

వాన్నెస్ అంటే ఆ తమ్ముడే. వాడి పేరెత్తితేనే నాకు ఒళ్ళు మండుతుంది. మా నాన్న కమీల్ తన పడవకి మా అమ్మ పేరే పెట్టుకున్నాడు, గొడెలీవ అని. ఒక నవంబరు గాలివానలో వల అడుగున దేనికో తగులుకుని ఆ పడవ బోర్లాపడింది. మిగతావాళ్ళ శవాలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి, నాన్నది రాలేదు. ఆయన పడవలోనే ఉన్నాడని అమ్మ నమ్మకం. నాదీ అదే. తర్వాత కొత్త పడవ కొన్నప్పుడు చుక్కాని నాకే ఇస్తారనుకున్నాను. పెద్దదాన్ని, నాన్న వెంట సముద్రం తిరిగినదాన్ని. వాడికిచ్చారు. నేను నౌకాదళంలో చేరాను. చప్పుడు పంపి సముద్రం అడుగుని చూపించే సోనార్ తెర ముందు కూర్చుని, అడుగున కనిపించేది రాయో మైనో చెప్పడం నా ఉద్యోగం.

ఈ వసంతంలో ఓడల దారి శుభ్రంగా ఉందో లేదో చూస్తూ గొడెలీవ మునిగిన చోటికి వచ్చాం. ఆ పడవ చుట్టూ ఉన్న ఇసుక నాకు కంఠతా వచ్చు. దాని పక్కన పోయినేడు లేనిది ఒకటి పడి ఉంది. ఒక వైపు నుంచే చూడగలిగాం, ఈలోగా నీటి జోరు పెరిగింది.

"రేపు అటు వైపు నుంచి కూడా చూసి చెప్పు, వేర్లె," అన్నాడు కమాండర్ దెల్వో. ఫ్రెంచి మాట్లాడే నమూరు మనిషి, మా భాష ఒక్కో మాటా కూడబలుక్కుని మాట్లాడతాడు. కానీ తెర మీది సంగతిలో నా మాట దాటడు. నేను రాయంటే రాయే, ఓడ ముందుకెళ్ళిపోతుంది.

అటు రావద్దని పడవలకి రేడియోలో చెప్పి రేవుకి తిరిగొచ్చాం. నేను ఇంటికి చేరేలోపే కబురు చేరింది. చేరదూ మరి? మా అమ్మ వంటింటి కిటికీలో ఒక రేడియో ఉంటుంది. పడవలవాళ్ళు మాట్లాడుకునేవన్నీ అందులో వినిపిస్తాయి, మనం మాత్రం తిరిగి మాట్లాడలేం. నాన్న తప్పిపోయిన రోజు నుంచీ అమ్మ దాన్ని కట్టెయ్యలేదు. దాని ముందే కూర్చుని పోగులు ముడేస్తుంది. వల పొట్ట ఇసుకకి రాసుకుని చినగకుండా కింద జూలులా కట్టే నైలాను పోగులు. తీరమంతా నారింజ రంగువి కడతారు. మా అమ్మ ఒక్కతే తెలుపూ ఆకుపచ్చా కలిపి ముడేస్తుంది, అప్పట్లో నాన్న వలకీ అవే, ఇప్పుడు వాన్నెస్ వలకీ అవే.

"వచ్చిందమ్మా బకెట్టు రాణి," అన్నాడు వాన్నెస్, బల్ల దగ్గర రొయ్యలు వొలుస్తూ.

"నోరు మూసుకుని వొలుచుకో, పొట్టు గొంతుకడ్డం పడుతుంది."

"అక్కడ ఉన్నది రాయి. దానికింత హడావుడా?"

"చూడకుండానే నీకెలా తెలుసురా?"

"నేను చేపలు పట్టే చోటు నాకు తెలీదా? నువ్వు టీవీలో చూస్తావు. నేను వల వేసి చూస్తాను."

"పోయినేడు లేని రాయి ఈ ఏడు మొలిచిందా?"

వాడి మొహం కందగడ్డ అయింది. నన్నొదిలేసి అమ్మ వైపు తిరిగాడు. "చూశావా అమ్మా? దీనికి మైనే కావాలి. నాన్న మీద మందు పెట్టి పేల్చాలి. పేలిస్తే మెళ్ళో పతకం వేస్తారు కాబోలు."

అమ్మ చేతులు ఆగాయి. "నిజమా వేర్లె?"

"తీయగలిగితే దూరంగా తీసుకెళ్ళి పేలుస్తారమ్మా. కదపలేకపోతే అక్కడే."

"అక్కడ మీ నాన్న ఉన్నాడు."

"నాకు తెలీదా?"

"తెలిసే వెళ్తున్నావా? రాయని చెప్పవే. నోటి మాటేగా, నీ సొమ్మేం పోయింది? ఆయన్ని కదిపావో, మళ్ళీ ఈ గడప తొక్కకు. నాకు కూతురు లేదనుకుంటా."

"రేపు ఎవడి వలలోనైనా పడితే?"

"మునిగిన పడవ పక్కన ఎవడూ వల వెయ్యడు," అన్నాడు వాన్నెస్, నేనింకా నోరు మూయకముందే.

మర్నాడు మళ్ళీ వెళ్ళాం. నిజం చెప్తున్నాను, రాయి అందామనే బయల్దేరాను. ఉన్నది ఒక్క అమ్మ. ఆవిడ గడప పోగొట్టుకుని నేను నెగ్గేదేముంది? కానీ అటు వైపు నుంచి చూసేసరికి తెర మీద నీడ తిన్నగా, కత్తితో కోసినట్టు పడింది. ఏ రాయికీ అలాంటి నీడ ఉండదు.

"రాయేనా?" అన్నాడు దెల్వో.

"పసుపు చేపని పంపండి సార్. కంటితో చూస్తేగానీ చెప్పలేను," అని నీళ్ళు నమిలాను.

పసుపు చేప అంటే మేం తీగ కట్టి కిందికి వదిలే చిన్న యంత్రం. దానికి దీపమూ కెమెరా ఉంటాయి. మా సముద్రంలో నీళ్ళు ఎప్పుడూ బురదే, పోటుకీ పాటుకీ మధ్య నీరు నిలబడే కాసేపే కాస్త కనబడుతుంది. ఆ కాసేపట్లో ముందు పడవ ముక్కు కనబడింది. పెచ్చులూడిన రంగులో అమ్మ పేరు సగం మిగిలి ఉంది. దాని పక్కనే మైను. పాత యుద్ధం నాటిది, పీపాలా పొడుగ్గా. ఎవరో ఈడ్చుకొచ్చినట్టు ఒక పక్కంతా చీరుకుపోయి లోపలి మందు బయటికొచ్చింది. తోక దగ్గర ఏదో చిక్కుకుని నీళ్ళలో ఊగుతోంది.

"నాచు," అన్నాడు దెల్వో.

నాచు కాదు. తెలుపూ ఆకుపచ్చా పోగులు, రంగింకా వెలవలేదు. ఆ ముడి నాకు తెలుసు.

వలలో పాత బాంబు పడితే కబురు చెప్పి, మేం వచ్చేదాకా అక్కడే ఆగాలని రూలు. నాలుక చేపల సీజన్లో ఎవడాగుతాడు? ఏ మునిగిన పడవ పక్కకో ఈడ్చుకెళ్ళి వదిలేస్తారు. అక్కడ వల వేసేవాడుండడు కాబట్టి ఇంకొకడికి తగలదట. తీరమంతా చేసే పనే ఇది, చేసి పుణ్యం చేశామనుకుంటారు. మా వాడూ అదే చేశాడు. ఈ సముద్రం అడుగున ఎన్ని పడవల్లేవు! వాడికి నాన్న పక్కే దొరికింది. అక్కడ పడేసి ఇంటికొచ్చి, అమ్మ చేత నన్ను గడప తొక్కొద్దనిపించాడు.

"మైను సార్," అన్నాను. "ఒళ్ళు చీలింది, కదిపితే పేలుతుంది. అక్కడే పేల్చాలి."

పసుపు చేప మందు మోసుకెళ్ళి దాని పక్కన పెట్టి వచ్చింది. మేం గీసిన హద్దు బయట చేపల పడవలు గుమిగూడాయి. అందరికంటే ముందు వాన్నెస్.

సముద్రం తెల్లగా గోడలా లేచి కూలింది. మా ప్లాస్టిక్ ఒళ్ళంతా వణికింది. నీళ్ళు కుదుటపడ్డాక తెర చూశాను. గొడెలీవ లేదు. గుంట ఉంది, చుట్టూ ముక్కలున్నాయి.

అప్పుడు రేడియోలో వాడి గొంతు, అన్ని పడవలూ వినే చోట. "రేవు జనమా, విన్నారుగా చప్పుడు? మా నాన్నని ఒకసారి సముద్రం చంపింది. రెండోసారి మా అక్క చంపింది. బకెట్టులో కూర్చుని, టీ తాగుతూ. కమీల్ కూతురని చెప్పుకుంటుంది సిగ్గులేకుండా!"

ఇంకెవడో ఉమ్మేసినట్టు చప్పుడు చేశాడు. ఎవడో నవ్వాడు.

నేను మైకు లాక్కున్నాను. దెల్వో వద్దంటున్నాడు, నా చెవికెక్కలేదు.

"వాన్నెస్, ఆ మైను తోకకి పోగులున్నాయిరా. తెలుపూ ఆకుపచ్చానూ. ఎవరి వలవి? చెప్పు, అందరూ వింటున్నారు."

మైకు మీట వదిలి, మళ్ళీ నొక్కాను.

"నోరు పడిపోయిందా? ఇందాకటి దాకా తెగ వాగావుగా?"

"అందరూ చేసేదే కదక్కా," అన్నాడు చివరికి. ఆ గొంతు వాడిదిలా లేదు. "అక్కడైతే ఎవడికీ తగలదని..."

"అందరూ వాళ్ళ నాన్న పక్కలోనే పెడతారా?"

వంటింటి కిటికీలో అమ్మ వింటోందని నాకు తెలుసు. తెలిసే అన్నాను. నా గడప నాకు తిరిగి రావాలని అన్నాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి వాడు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. "అమ్మ తలుపు తియ్యట్లేదు," అన్నాడు, నా మొహం చూడకుండా.

"నీకు తియ్యదు. లేచి అవతలికి పో," అని తలుపు కొట్టాను. "అమ్మా, నేను. వేర్లెని."

తలుపు తెరుచుకోలేదు, కిటికీ తెరుచుకుంది. అమ్మ పోగుల బుట్ట ఎత్తి మా ఇద్దరి మీదా బోర్లించింది. అన్నీ కత్తిరించి ఉన్నాయి, ఒక్క ముడి మిగల్లేదు.

"ఒకడు తెచ్చి ఆయన పక్కలో పెట్టాడు," అంది. "ఒకతి పేల్చింది."

"నాకు ఇంకో దారి లేదమ్మా! వీడు చేసిన పనికి..."

"పేల్చక తప్పదని పొద్దున ఆ పోగులు చూసినప్పుడే నీకు తెలుసు. పేల్చేముందు నాకొక్క మాట చెప్పించావా? వాడి సంగతి ఇంటికొచ్చి నా చెవిలో చెప్పలేకపోయావా? ఊరందరితో పాటు వినాల్సిందాన్నా నేను?"

నేను వంగి పోగులు ఏరసాగాను. వాడూ వంగాడు.

అమ్మ కిటికీ మూసింది. లోపల రేడియోలో ఎవరో గాలి దిక్కు చెప్తున్నారు. మాట మధ్యలో టక్కుమని ఆగిపోయింది. నాన్న పోయినప్పటి నుంచీ ఆ రేడియో ఆగడం నేనెరగను.