మసి పట్టిన గాజు

కాలిపోయిన చోట్ల నుంచి తెచ్చిన బట్టల్లో, బూడిదలో పెట్రోలు, కిరోసిన్ లాంటివేమైనా ఉన్నాయేమో తేల్చి చెప్పడం గీతాంజలి ఉద్యోగం. సింగపూర్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌లో ఆ పనిలో ఆమెకు మంచి పేరుంది.

ఆ వారం ఒక చొక్కా వచ్చింది. హౌగాంగ్ ప్రాంతంలో ఒక చిన్న దుకాణం మధ్యాహ్నంపూట తగలబడింది. లోపల కునుకు తీస్తున్న ముసలి యజమాని స్పృహ లేకుండా ఆసుపత్రిలో ఉన్నాడు. చొక్కా తిరుమలేష్‌ది. సెంబవాంగ్ షిప్‌యార్డులో రంగులు వేస్తాడు. తలుపుకి లోపలి నుంచి గడియ వేసి ఉంది కాబట్టి, కిటికీ అద్దం పగలగొట్టి, రంగుల్లో కలిపే థిన్నర్ పోసి నిప్పంటించాడని పోలీసుల అనుమానం. అతని మాట వేరు: "పొగ జూసి అద్దం పలగ్గొట్టిన సార్. లోపలికి దుంకి తాతను బయటికి గుంజిన. గంతే."

పరీక్షలో చొక్కాకి థిన్నర్ ఉన్నట్టు తేలింది. ఆ ఒక్క వాక్యం రాసి పంపితే గీతాంజలి పని అయిపోయినట్టే. అబద్ధమూ కాదు. కానీ రంగులు వేసేవాడి చొక్కాకి థిన్నర్ ఉండక ఏముంటుంది? మనసొప్పలేదు. చొక్కా తీసుకుని పక్క గదికి వెళ్లింది.

అక్కడ గాజు, దారాలు పరీక్షించే రోహాయా ఉంది. అందరూ ఆమెను కాక్ అంటారు, మలయ్‌లో అక్క అని.

"నా పరీక్ష అయింది కాక్. ఇందులో గాజు ఉందేమో చూస్తారా?"

రోహాయా తెల్లకాగితం మీద చొక్కా దులిపింది. చేతుల మడతల్లోంచి సన్నని మెరుపులు రాలాయి. వాటిని మైక్రోస్కోప్ కింద పెట్టి పక్కకు జరిగింది.

"చూడు. ఒక వైపు మసి."

"మంటల్లోకి వెళ్లాడుగా, మసి అంటదా?"

"అంటితే అన్ని వైపులా అంటాలి. పగిలిన అంచులు చూడు."

అంచులు తళతళలాడుతున్నాయి. గీతాంజలి మైక్రోస్కోప్ మీంచి తలెత్తింది. "అంటే మసి ముందు పట్టింది. అద్దం తర్వాత పగిలింది!"

"లోపల మంట బాగా రేగాకే అతను కొట్టాడు," అంది రోహాయా. "నువ్వు ముందు చూడటం మంచిదయింది. మొదట నాకొస్తే ఎప్పటిలా విప్పి దులిపేదాన్ని. నీ థిన్నర్ ఆవిరైపోయేది. ఏ పరీక్ష ముందు చేయాలో నాకు ఇన్నాళ్లూ తట్టలేదు."

ఇద్దరూ కలిసి రిపోర్టు రాశారు. తర్వాత యజమాని తెలివిలోకి వచ్చి, ఫ్రిజ్ వెనక వైరు అంటుకుందని చెప్పాడు. తిరుమలేష్‌ను వదిలేశారు. కాలిన బట్టలు ముందు ఎవరి బల్ల మీదికి వెళ్లాలో ఇప్పుడు ల్యాబంతా వాళ్లిద్దరినీ అడిగే నిర్ణయిస్తోంది.

పేపర్లో ఆ వార్త చూసి గీతాంజలి తల్లి తారాదేవి గట్టిగా చదివింది. "తెలుగబ్బాయే! ముసలాయన్ని కాపాడాడట."

"ఆ కేసు మా దగ్గరికే వచ్చిందమ్మా."

"నువ్వే తేల్చావా?"

"నేనొక్కదాన్నే అయితే థిన్నర్ ఉందని రాసి ఊరుకునేదాన్ని. గాజును చదవడం మా కాక్ నేర్పింది. అలాంటి మనిషి పక్కగదిలో ఉందమ్మా నాకు!"

కూతురి మొహంలో వెలుగు చూసి తారాదేవి పేపరు మడిచింది. "ఆదివారం భోజనానికి పిలువు ఆవిణ్ణి. మాంసమైతే ఆవిడకి హలాల్‌ది కావాలేమో, వద్దులే, గుత్తి వంకాయ చేస్తా."