అంగారకుడి మీద ఒక్కగానొక్క బిడ్డ

శేఖర్ తీస్తున్న సీరియల్లో అంతరిక్ష నౌక తలుపుకు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతుండేవి. ముహూర్తం రోజు కట్టారు, తీయడం మరిచారు. భూమిని వదిలి ఆరు నెలలైన నౌకలో మిరపకాయలు అంత పచ్చగా ఎలా ఉంటాయని అడిగాను. బరువే లేని చోట అవి కిందికే ఎందుకు వేలాడతాయని కూడా అడిగాను.

"నేటివిటీ రమేశ్ గారూ," అన్నాడు.

నేను జగిత్యాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. సకల జనుల సమ్మెలో కాలేజీ మూతపడింది. అప్పుడే శేఖర్ ఫోన్ చేశాడు. ఓ టీవీ ఛానెల్ కోసం సైన్స్ సీరియల్ తీస్తున్నాడట. ముందు నమూనాగా ఒక ఎపిసోడ్ తీసి చూపాలి, దాన్ని పైలట్ అంటారట. అందులో సైన్సు తప్పుల్లేకుండా చూసే మనిషి కావాలన్నాడు. ప్రతిఫలంగా టైటిల్స్‌లో "శాస్త్ర సలహాదారు: రమేశ్, ఎం.ఎస్సీ." అని వేస్తానన్నాడు. నాకు ఆశ పుట్టింది. పదిహేనేళ్లుగా బోర్డు మీద రాసి, బోర్డు తుడిచి బతుకుతున్నవాణ్ని. నా పేరు కనీసం నాలుగు సెకన్లు తెర మీద నిలవాలని ఎంత కోరుకున్నానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

షూటింగ్ సిరిసిల్లలో, మూతపడ్డ ఒక సాంచాల షెడ్డులో. ఆ మరమగ్గాలను ఒక మూలకు నెట్టి, గోడలకు థర్మాకోల్ అతికించి వెండి రంగు కొట్టారు. కంట్రోల్ ప్యానెల్ మీద బటన్లుగా మిక్సీ జార్ల మూతలు, నూలు చుట్టే కండెలు. ఇంజిన్ కూలరు ఫ్యాను. కరెంటు కోతల వల్ల జనరేటర్ నడుస్తుండేది. శూన్యంలో శబ్దం ఉండదని నేను చెప్పిన సీనులో కూడా అదే మోత.

శేఖర్‌ది కోరుట్ల. ఎనిమిదేళ్ల వయసులో విజయవాడ హాస్టలుకు వెళ్లి, అక్కణ్నుంచి హైదరాబాదు చేరి, మళ్లీ ఇటు చూడలేదు. తన ఊరి మాటను సినిమాల్లో విని నేర్చుకున్నాడు. అది కూడా తాగుబోతుల పాత్రల దగ్గర. స్క్రిప్టులో కెప్టెన్ పుస్తకం చదివినట్టు మాట్లాడతాడు. నౌక ఊడ్చే రోబో మాత్రం మన యాస మాట్లాడుతుంది.

"ఉద్యమం నడుస్తోంది సార్, చూసేవాళ్లు ఊరుకోరు," అన్నాను.

ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. కెప్టెన్ తల్లికి కూడా యాస పెట్టాడు. తల్లిది కోరుట్ల అన్నాడు. ఊడ్చేవాళ్లకూ ఏడ్చేవాళ్లకూ మా భాష సరిపోతుందన్నమాట.

నేను సైన్సు వరకు పోట్లాడాను. అంగారకుడి నుంచి మాట భూమికి రావడానికి పన్నెండు నిమిషాలు పడుతుందని లెక్కగట్టి చూపాను. "ఆథెంటిక్‌గా ఉండాలి," అని నా కాగితాన్ని కెమెరామన్‌కు చూపించి మెచ్చుకున్నాడు. సీనులో మాత్రం కెప్టెన్ "హలో" అన్న మరుక్షణమే భూమి "హలో" అంది.

తల్లి వేషం వేయాల్సిన నటి బస్సుల్లేక హైదరాబాదులోనే ఆగిపోయింది. యూనిట్‌కు వంట చేస్తున్న భూమవ్వకు చీర మార్చి నిలబెట్టారు. నౌక దారి తప్పాక ఆమె ఆఫీసరు కాళ్ల మీద పడి, "వాడు నా ఒక్కగానొక్క బిడ్డ సారూ!" అనాలి.

కెమెరా తిరిగింది. "వాడు నా ఒక్కగానొక్క కొడుకు సారూ!" అంది భూమవ్వ.

"కట్! బిడ్డ అనాలమ్మా," అన్నాడు శేఖర్.

"పోయినోడు మొగపిలగాడే గదా సారు?"

"అవును."

"మరి బిడ్డ అంటె ఎట్ల? నాకు ఇద్దరు బిడ్డలు, ఒక కొడుకు. బిడ్డలు అత్తగారిండ్లల్ల ఉన్నరు. కొడుకు సాంచలు నడుపుతడు. ఆన్ని పట్టుకొని బిడ్డ అంటె వాడకట్టంత నవ్వరా?"

శేఖర్ తలుపు బయటికి చేయి చాపాడు. రోడ్డవతల దీక్షా శిబిరం మీద "తెలంగాణ బిడ్డలారా, కదలండి" అని బ్యానర్ ఉంది. "అంత పెద్ద అక్షరాలతో రాసుకున్నారు, చూడమ్మా."

"గది మీటింగుల మాట. ఇంట్ల గట్ల అనం."

యూనిట్ మొత్తం చూస్తోంది. శేఖర్‌కు రోషం వచ్చింది. "మన సలహాదారు ఉన్నారుగా, ఆయన సొంతూరు ఈ పక్కనున్న ఎల్లంతకుంటే. చెప్పండి రమేశ్ గారూ, అనొచ్చా, అనకూడదా?"

మా అమ్మ నన్ను ఒక్కనాడూ బిడ్డ అనలేదు. ఇంట్లో ఆ మాట కూతురైన మా అక్కకే. నేనేం చెప్పాలో నాకు తెలుసు. కాదంటే టైటిల్స్ నుంచి నా పేరు ఎగిరిపోతుందనీ తెలుసు.

"అనొచ్చండి," అన్నాను.

భూమవ్వ నా వైపు తిరిగింది. కోపంగా లేదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "నిన్ను గన్న అవ్వ ఏమని పిలుస్తది సారు?"

నేను చేతిలోని కాగితాలు సర్దుకున్నాను. ఆమె కెమెరా ముందుకు వెళ్లి, వాళ్లు అడిగినట్టే "బిడ్డ" అంది. ఒక్క టేకులో అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

ఛానెల్ వాళ్లు పైలట్‌ను తిప్పిపంపారు. శేఖర్ దాన్ని కోరుట్ల కేబుల్‌లో వేయించాడు. ఆ సాయంత్రం బండి మీద కోరుట్ల వెళ్లి, చంద్రయ్య అనే ఆయన చాయ హోటల్లో టీవీ ముందు కూర్చున్నాను. భూమవ్వ "ఒక్కగానొక్క బిడ్డ" అనగానే హోటలంతా గొల్లుమంది.

"గదేందివయా, ఇంతసేపు మొగోనితోని నడిపించి, ఆఖరికి ఆడిపిల్లను జేసిండ్రు?" అన్నాడు చంద్రయ్య.

చివర్లో పేర్లు వచ్చాయి. శాస్త్ర సలహాదారు అనే మాటే లేదు. "తెలంగాణ యాస పర్యవేక్షణ: రమేశ్, ఎం.ఎస్సీ." అని వేశారు. నాలుగు సెకన్లు కాదు, పూర్తిగా ఆరు సెకన్లు నిలిచింది. నేను లెక్కపెట్టాను.

"ఎవడో గీ రమేశ్. మన దిక్కోడైతే కాడు," అన్నాడు చంద్రయ్య.

"కాకపోవచ్చండి," అన్నాను. ఆ "అండి" నా నోట్లోంచి దానంతటదే వచ్చింది.

చంద్రయ్య నవ్వు ఆపి, భుజం మీది తువ్వాలతో నా ముందున్న బల్ల తుడిచాడు. కొత్తవాళ్లకు ఇచ్చే మర్యాద అది. "సార్ది ఏ ఊరు?"

"ఎల్లంతకుంట."

"గది కాదు సార్," అన్నాడు ఓపికగా. "గక్కడ నౌకరి జేస్తరు గావచ్చు. సొంతూరు అడుగుతున్న."