తిట్లకు చేపిన ఆవు

1998 నవంబరు పద్నాలుగు. ఆ మధ్యాహ్నం ఎలీయేజరు తిన్నది సామల అన్నం, రాజ్మా కూర. కూర పక్కింటి తవిటమ్మ పంపింది. ఉప్పు కాస్త ఎక్కువైంది. కానీ ఒంటరి మనిషికి గిన్నె మీద మూతపెట్టి మరీ పంపేవాళ్లుంటే ఉప్పు ఒక లెక్కా అనుకుని ఆయన మారు కూడా వడ్డించుకున్నాడు.

తిన్నాడేగానీ మనసంతా పశువుల పాకలోనే ఉంది. జెర్సీ ఆవు తార ఈని మూడు రోజులైంది. దూడ పుట్టీ పుట్టగానే పోయింది. పొదుగు రాయిలా బిగిసింది, చుక్క పాలు దిగడం లేదు. డుంబ్రిగుడ సంతలో పెయ్యగా కొని దాన్ని పెంచింది ఆయన భార్య వరమ్మ. వేసవిలో వరమ్మ పోయేనాటికి తార రెండో చూడి మీద ఉండి వట్టిపోయింది. ఆమె చేతుల మీదుగా పెరిగి, ఇంకా ఆ ఇంట్లో మిగిలింది అదొక్కటే.

సాయంత్రం తవిటమ్మ మళ్లీ పితికి చూద్దామని బకెట్టుతో వచ్చింది. వెనకే ఆమె మొగుడు సన్యాసిరావు. ఎస్.కోట నుంచి వచ్చి ఇక్కడ టీకొట్టు పెట్టుకున్నవాళ్లు.

“ఇలాగైతే పొదుగు సెడిపోద్ది మాస్టారూ,” అన్నాడు సన్యాసిరావు, జేబులోంచి చిన్న సీసా తీసి. “సూది ఏసీదారి. ఒద్దంటే రేపు సంతకి తోలి అమ్మీదారి.”

ఎలీయేజరు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన మనిషి. “ఆ సీసాలో ఉన్నది దాని తలలోనే ఉందయ్యా,” అన్నాడు.

“తలలో పాలుంటాయేటండి?” అంది తవిటమ్మ.

“పాలు పొదుగులోనే. మెదడు కింద రేగిపండంత గ్రంథి ఉంటుంది. అక్కణ్ణించి ఆక్సిటోసిన్ అని ఒక హార్మోను రక్తంలో దిగి ఒళ్లంతా తిరుగుతుంది. కాళ్ల దగ్గరికీ పోతుంది, చెవుల దగ్గరికీ పోతుంది. వాటికేం పట్టదు. పొదుగులోని సన్నటి కండరాలకు మాత్రం దాన్ని గుర్తుపట్టే రిసెప్టర్లుంటాయి. బస్సు దిగిన చుట్టాన్ని ఆ ఇంటివాళ్లే గుర్తుపట్టి లోపలికి పిలుస్తారు చూడు, అలాగ. పిలవగానే కండరం బిగుస్తుంది, ఆవు చేపుతుంది.”

“మరి ఇప్పుడా సుట్టం రాడేటి?”

“కొత్త చేతులని దానికి భయం. భయానికి వేరే హార్మోను ఉంది. అది ఈ చుట్టాన్ని బస్సే ఎక్కనివ్వదు. సూదికి మరిగితే రోజూ సూదే అడుగుతుంది. దానికి అలవాటైన చప్పుడేదో వినబడాలి.”

“అలవాటంటే... వరమ్మక్క పితికినప్పుడు ఏటి సేసీది? పాట పాడీదా?”

టేప్ రికార్డరులో చర్చి పాటలు పెట్టి చూడటం అప్పటికే అయింది. ఎలీయేజరు ఆవు మెడ నిమిరాడు.

“పాట కాదు. నన్ను తిట్టేది.”

సన్యాసిరావు గోడవైపు తిరిగి దగ్గాడు.

“నిజమే,” అంది తవిటమ్మ. “గోడవతలకి ఇనబడీవి. ఆ టైముకే నాను పాలు పొయ్యిమీద ఎట్టీదాన్ని.”

“అయితే నువ్వు తిట్టు.”

“మాస్టార్నా? నా నోరు పడిపోదా?”

“తిట్టకపోతే తార సంతకు పోతుంది తవిటమ్మా.”

తవిటమ్మ పొదుగు దగ్గర గొంతుక్కూర్చుంది. “మాస్టారు గారూ, మీకు కొంచెం బద్ధకమండీ.”

తార తోక విసిరింది.

“ఆ గారు తీసెయ్యే,” అన్నాడు సన్యాసిరావు.

“ఇడిసిన సొక్కా ఇడిసిన సోటేనేటి?” అంది ఈసారి. తార చెవులు నిక్కబెట్టింది. పాలు మాత్రం రాలేదు. తవిటమ్మ తలెత్తింది. “అక్క తిడితే మీరిలాగే నిలబడీవోరా?”

“లేదు. వసారాలో కూర్చుని పేపరు చదువుకుంటూ ఊఁ అనేవాణ్ణి.”

“మరి ఎల్లండి. బేగి ఎల్లి ఊఁ అనండి.”

ఆయన వెళ్లి కూర్చున్నాడు. మనిషి కంటికి కనబడకపోయేసరికి తవిటమ్మ నాలుకకు ముడి వీడింది.

“నీళ్లకుండ మీద మూతెట్టరు. ఆనొస్తే తీగమీద బట్టలు తియ్యరు.”

“ఊఁ.”

“కూరలో ఉప్పెక్కువైతే సెప్పరు. గిన్ని కడిగీసి పంపుతారు. సెప్తేనే కదా మనిసికి తెలిసీది?”

“ఊఁ.”

“ఏటి ఊఁ?”

పాకలో సర్రుమంది. ఇంకోసారి సర్రుమంది. తరవాత బకెట్టు అడుగున ధారలు ఒకదాని వెంట ఒకటి మోగాయి.

“సేపింది మాస్టారూ,” అన్నాడు సన్యాసిరావు. “ఇక సాల్లేవే, ఆపు.”

“ఉండయ్యా, సగం పొదుగు అలాగే ఉంది. ఆయనయి అయిపోతే నీయి మొదలెడతాను.”

వసారాలో ఎలీయేజరు ఊఁ అనబోయి నవ్వేశాడు. వేసవి తరవాత ఆయన నవ్వు గోడ దాటి వినబడటం అదే మొదలు. నవ్వు మధ్యలోనే మళ్లీ ఊఁ అన్నాడు, ధార ఆగిపోతుందేమోనని.

ముర్రుపాలలో బెల్లం, మిరియాలు వేసి తవిటమ్మ అక్కడే జున్ను వండింది. ముగ్గురూ వసారాలో కూర్చుని వేడివేడిగా తిన్నారు.

“రేపటికి తిట్లు మిగల్నేదు మాస్టారూ,” అంది తవిటమ్మ లేస్తూ.

“పొద్దున్నకల్లా ఏదో ఒకటి పాడుచేసి ఉంచుతాలే.”

వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. లోయలోంచి మంచు పైకి పాకుతోంది. ఎలీయేజరు పాకలోకి వెళ్లి తార వీపు మీద గోనెపట్టా కప్పాడు, కాళ్లకింద గడ్డి పరిచాడు. అది కళ్లు మూసుకుని నెమరేస్తోంది. గడియ చప్పుడుకు ఉలికిపడుతుందేమోనని వేలు అడ్డం పెట్టి, తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.