పోపోపోనీలే

నలుగురు కుర్రాళ్ళు చేరి చెవులు చిల్లులు పడేలా వాయించుకుంటామంటే చోటిచ్చేదెవరు? ఇచ్చింది ఒక్కడే, పాటగాడి బాబాయ్. ఆయనది వెల్డింగు షెడ్డు. ఇనుము మోతకు మొద్దుబారిన చెవులకు మీ మోత ఒక లెక్కా అని నవ్వి తాళంచెవి చేతిలో పెట్టాడు. అంత చిన్న మాటకూ రెండుచోట్ల ఆగాడు. ఆయనకు నత్తి.

పాటగాణ్ణి అందరూ బొంగురు అనేవాళ్ళు. డ్రమ్ములు కొట్టేవాడు సుత్తి. ఆ పేరు చేతిని చూసి పెట్టారో నోటిని చూసి పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఎక్కడ వాయించినా వాళ్ళ పాటలు ఖాళీ కుర్చీలే విన్నాయి. ఒక కాలేజీలోనైతే కరెంటు పోయిందని అబద్ధమాడి ప్లగ్గు పీకేశారు.

ఒక సాయంత్రం మంచి బాణీ కుదిరింది గానీ పల్లవికి మాట దొరకలేదు. విసుగులో సుత్తి కాలు తగిలి వెల్డింగు రాడ్ల పెట్టె బోర్లాపడింది. అప్పుడే లోపలికొచ్చిన బాబాయ్ రాడ్లు ఏరుకుంటూ, "పో... పో... పోనీలేరా" అన్నాడు.

ఆయన గుమ్మం దాటి బయటికి వెళ్ళాడో లేదో బొంగురు మైకు అందుకుని అచ్చం అలాగే, గొంతు పట్టేసినట్టు, "పో పో పోనీలే" అన్నాడు. నలుగురూ పడీ పడీ నవ్వారు. నవ్వుతూనే సుత్తి దానికి దెబ్బ కలిపాడు. పల్లవి కుదిరిపోయింది.

ఆ పాట ఫోన్లకెక్కింది. బస్సుల్లో అదే, టీ కొట్లలో అదే. ఖాళీ కుర్చీల బ్యాండుకి టిక్కెట్లు దొరకని రోజులొచ్చాయి. ఆ ఆగి ఆగి అనడం ఎలా తట్టిందని టీవీ అమ్మాయి అడిగితే, బతుకులో అడుగు ముందుకు పడనివాళ్ళ గొంతు అది అని బొంగురు కళ్ళు మూసుకుని మరీ చెప్పాడు. చెప్పాక తన మొహం టీవీలో తనే చూడలేకపోయాడు.

షెడ్డుకి గేట్లు చేయించుకోను వచ్చేవాళ్ళు బాబాయ్ నోరు తెరవగానే పాట అందుకుంటున్నారని సుత్తి నవ్వుతూ చెప్పాడు. అప్పటినుంచి బొంగురు ఆ వీధి మొహం చూడలేదు. బాబాయ్ కచేరీకి వస్తానన్నప్పుడల్లా జనం తొక్కేస్తారనో, దూరమనో తప్పించేవాడు. ఎదురుగా కూర్చుని వింటే ఆ పల్లవి తన నత్తేనని ఆయనకు తెలిసిపోతుందని భయం.

ఈసారి ఆయన చెప్పకుండానే వచ్చేశాడు. ఉతికిన చొక్కా తొడుక్కుని, వేదిక వెనక గదిలో వాళ్ళ మధ్య కూర్చున్నాడు. సుత్తి ఊరుకోక, "బాబాయ్, మన పాట ఒక్కసారి అను" అన్నాడు.

బాబాయ్ సిగ్గుపడి, గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు. పాడేటప్పుడు ఆయనకు నత్తి ఉండదు. "పోనీలే" అన్న మాట నూనె రాసిన బోల్టులా జారి వచ్చింది, ఎక్కడా ఆగకుండా.

"తప్పు పాడావు బాబాయ్, పో పో అనాలి" అని సుత్తి దిద్దాడు.

బాబాయ్ మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ శుభ్రంగానే వచ్చింది. "పా... పాటలో నాకు రాదురా అది" అన్నాడు నవ్వుతూ. గదిలో అందరూ నవ్వారు. బొంగురు తల వంచుకుని గిటారు తీగలు బిగించాడు, బిగిసి ఉన్నవాటినే.

వేదిక మీద ఆ పల్లవి దగ్గరికొచ్చేసరికి అతను బాబాయ్ పాడినట్టే పాడాడు. పోనీలే. ఒక్కసారే, శుభ్రంగా. కానీ మైదానం మైదానమంతా పో పో అని అందుకుంది. మైకుకి నోరు ఆనించి మళ్ళీ అన్నాడు. జనం ఇంకా గట్టిగా ఆగి ఆగి పాడారు, వెక్కిరిస్తున్నామని తెలియకుండానే, చేతులూపుతూ, ఎంతో ప్రేమగా. నేర్పింది తనే. ముందువరసలో బాబాయ్ ఇటూ అటూ తిరిగి వాళ్ళ నోళ్ళకేసి చూస్తున్నాడు.

కచేరీ అయ్యాక ఆయన దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"మై... మైకు పాడైందా ఏంట్రా? నువ్వు బా... బాగానే పాడుతున్నావు. నాకొక్కడికే వినబడినట్టుంది."

అవును బాబాయ్, మైకు పాడైంది, అన్నాడు బొంగురు.

ఆయన వాడి మొహంలోకి కాసేపు చూశాడు. ఏదో అనబోయి, మొదటి అక్షరం దగ్గరే పెదవులు బిగిసి, ఇక ఆ మాట జోలికి పోకుండా వాడి భుజం తట్టి వెళ్ళిపోయాడు.